అటక గొంతు

ఆ ఉదయం మబ్బు బాగా కిందికి దిగి, కురవాలో మానాలో తేల్చుకోలేక అలాగే నిలబడిపోయింది. కోడలు గొడుగు పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. అంతవరకూ దడదడమని నడుస్తున్న మామగారి కుట్టుమిషను టక్కున ఆగింది.

పెళ్ళయిన మూడు నెలలుగా ఇదే వరస. ఆమె వస్తే మామగారు మిషను ఆపేసి, గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంటారు. ఆమెతో ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు.

“వెళ్ళొస్తాను మామయ్యా.”

ఆయన తల ఊపారు.

“జాగ్రత్తగా వెళ్ళమంటున్నారు,” అంది అత్తగారు. ఆయన మాటలన్నీ ఆవిడే చెబుతుంది.

వీధిలోకి వచ్చాక భర్తను అడిగింది. “నేను ర్యాప్ పాడటం మామయ్యకి గిట్టదు కదూ?”

“ఆయనంతేలే,” అని అతను బండి స్టార్ట్ చేశాడు. మొహం మాత్రం అటు తిప్పుకున్నాడు.

ఆమె సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. ‘అగ్గిపుల్ల’ అన్న మారుపేరుతో ఒక చరణం పాడి, రెండోది ఎవరైనా అందుకుంటారా అని నెట్‌లో పెట్టింది. వారం తిరక్కుండా ‘అటక’ అనే మనిషి పంపించాడు. ఫొటో లేదు. నంబరు ఇవ్వడు, నెట్‌లో కాల్ చేస్తే ఎత్తడు. గొంతు మాత్రం చిత్రిక పట్టిన చెక్కలా ఉంది, ఎక్కడా గరుకు తగలదు.

‘మాట గొంతులో మేకై దిగితే
దరువే వచ్చి దాన్ని పీకె!’

రెండు గొంతులూ కలిపితే సింగిల్‌గా విడుదల చెయ్యడానికి ఒక పాట తయారైంది. ఆమెకిది మొదటి పాట. దాన్ని రేడియోకి పంపితే, శనివారం ఇద్దరూ రావాలనీ, పాటకు ముందు ఐదు నిమిషాలు మాట్లాడాలనీ వాళ్ళు షరతు పెట్టారు. ఒక్కరే వస్తే పాట వెయ్యరట.

అటక జవాబు రాశాడు: “పాడమంటే పాడతాను. మాట్లాడమంటే రాను.”

ఎవరితను? ఆ చరణాన్ని మళ్ళీ మళ్ళీ విన్నది. గొంతు వెనకాల సన్నగా దడదడమని ఏదో చప్పుడు. రైలు! పట్టాల పక్కన ఉంటాడన్నమాట. మధ్యాహ్నం తిండి మానేసి రైల్వేగేటు దగ్గరికి పరిగెత్తింది. అప్పటికి చినుకులు మొదలయ్యాయి.

గేట్‌మన్ ఇయర్‌ఫోన్ అందుకుంటూ అడిగాడు. “నీకేమవుతాడు తల్లీ?”

“ఏమీ కాడు. మొహం కూడా చూళ్ళేదు బాబాయ్.”

“మొహం చూడనోడికోసం వానలో వచ్చావా! ముప్పై ఏళ్ళుగా నా మొహం చూస్తున్న మా ఆవిడ ఒక్కనాడు క్యారేజీ తెచ్చిన పాపాన పోలేదు.”

నవ్వి, కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత తల అడ్డంగా తిప్పాడు.

“ఇది రైలు కాదు. కాసేపు పరిగెత్తి, ఆగి, మళ్ళీ పరిగెడుతోంది. ఏ రైలూ ఇన్నిసార్లు ఆగదు.”

ఆమె గొడుగు కిందే నిలబడి మెసేజ్ రాసింది. “శనివారం రండి. సిగ్గయితే మీరు ఊరికే కూర్చోండి, మాటలు నేను చూసుకుంటాను. మీరు రాకపోతే మన పాట పుట్టకముందే పోతుంది.”

చదివినట్టు గుర్తు పడింది. జవాబు లేదు.

పొద్దుగూకేసరికి వాన దంచింది. కరెంటు పోతుందేమోనని అత్తగారు పెందలాడే వడ్డించింది. నలుగురూ కూర్చున్నారు. చూరు నీళ్ళ చప్పుడు, గరిటె చప్పుడు, అంతే. కోడలు ఒకసారి ఫోను చూసుకుని బోర్లించింది. తెలియకుండానే ఆమె వేలు పళ్ళెం అంచున పాట దరువు వేసింది. అత్తగారు తలెత్తేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంది.

మామగారి చేతిలో ముద్ద అక్కడే ఆగింది. ఇప్పుడు ఆయన పెదాల మధ్య సూదులు లేవు. భర్త తినడం మాని తండ్రివైపు చూశాడు. అత్తగారు ఏదో చెప్పబోతే ఆయన చెయ్యి ఎత్తి వారించారు.

“శ... శ... శనివారం వ... వస్తానమ్మా,” అన్నారు మామగారు.