రాకూడని గీత

"వదినా, మళ్లీ రెండో గీత వచ్చింది!"

గర్భపరీక్ష స్ట్రిప్పులు తయారుచేసే ఆ ల్యాబ్‌లో వదినా ఆడపడుచులిద్దరిదీ ఒకే బల్ల. గర్భం హార్మోన్‌ని మాత్రమే పట్టుకోవాల్సిన యాంటీబాడీ కొత్తది వచ్చినప్పుడల్లా దాన్ని స్ట్రిప్పు మీద పూసి, గర్భం లేనివాళ్ల మూత్రంలో ముంచి చూస్తారు. రెండో గీత రాకూడదు. ఆ శాంపిల్ ఇచ్చేది ఎప్పుడూ వదినే.

"దిక్కుమాలిన యాంటీబాడీ! కనిపించినదానికల్లా అతుక్కుంటోంది," అని వదిన గ్లౌజులు విసిరికొట్టింది. "నీళ్లలో ముంచి చూడు."

నీళ్లలో రాలేదు. ఆడపడుచు పరుగున వెళ్లి తన శాంపిల్ తెచ్చింది. అందులోనూ రాలేదు. వదినదానిలో మళ్లీ ముంచింది. గీత ఎర్రగా, దర్జాగా వచ్చి కూర్చుంది.

"చూశావా? నా దగ్గరికొచ్చేసరికే దానికి మాయరోగం! పాత బ్యాచ్‌ది ముంచు."

పాత స్ట్రిప్పు మీదా అదే గీత.

ఆడపడుచు స్ట్రిప్పులన్నీ వరసగా పేర్చి చూసింది.

"వదినా... పాపం, దాన్ని తిట్టకు. అది సరిగ్గానే పనిచేస్తోంది."

"మరి గీతెందుకు..." వదిన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. మెల్లగా స్టూలు మీద కూలబడింది.

మరుక్షణం ఆడపడుచు ఆ స్టూలుతో సహా వదినను గిరగిరా తిప్పేస్తోంది. "నేను మేనత్తనైపోయా!"

"ఆపవే, కళ్లు తిరుగుతున్నాయ్!" నవ్వూ ఏడుపూ కలగాపులగమై వదిన బల్ల పట్టుకుంది. అంతలోనే ఆమె మొహం చిన్నబోయింది.

"ఒసేయ్, మరి గీత రాకూడని శాంపిల్ ఇకనించి ఎవరిస్తారే?"

"నీ శాంపిల్ ఎవరివల్ల ఆగిందో వాళ్లే ఇస్తారు! రేపట్నించి అన్నయ్యని డబ్బా పట్టుకు రమ్మంటా!"