ఫోన్లు చేసుకున్న రాజీ

విదేశాలకు వెళ్లినవాళ్లు తామే ఇంటివాళ్లతో మాట్లాడే అలవాటు పోయి చాలా ఏళ్లయింది. యజమాని గొంతుతో ఫోనే అందరినీ పలకరించి క్షేమసమాచారాలు చెబుతుంది. కుట్టుపని నేర్పే కాంతామణి జార్జియా యాత్రకు బయలుదేరుతూ, "మావాళ్లందరితో రోజూ మాట్లాడు" అని ఫోనుకు చెప్పి, నిశ్చింతగా కొండలు చూసింది.

పదో రోజు విశాఖ విమానాశ్రయంలో దిగేసరికి ఎదురుగా చెల్లెలు వకుళ నిలబడి ఉంది. తల్లి పోయిన రోజున మాటామాటా పెరిగి, ఇద్దరికీ మాటల్లేక ఆరేళ్లయింది. ఫోనులోంచి చెల్లెలి పేరు తీసెయ్యడం కాంతామణి మరిచిపోయింది.

"రోజూ గంటసేపు మాట్లాడుకున్నామటక్కా," అంది వకుళ.

"మాట్లాడుకున్నామట ఏంటే? నువ్వు మాట్లాడలేదా?"

"నాకెక్కడ తీరిక? నా తరఫునా నా ఫోనే మాట్లాడింది. గొడవ సర్దుకుంది, వెళ్లి అక్కని తీసుకురమ్మని నిన్న చెప్పింది. వచ్చాను."

ఇద్దరూ సామాన్ల బండికి చెరోవైపు నిలబడ్డారు.

"ఇంతకీ 'తప్పు నాదే' అని ఎవరి ఫోను ఒప్పుకుంది?" అంది కాంతామణి.

"ఏమో. అంతా రికార్డయ్యే ఉంటుంది. విందామా?"

కాంతామణి కాసేపు ఆలోచించింది. ఆ మాట తన గొంతులో వినపడినా బాధే, చెల్లెలి గొంతులో వినపడినా బాధే.

"వద్దులే. అమ్మ పిలిచినప్పుడు నేను రావాల్సింది వకుళా. రాలేదు. తప్పు నాదే."

వకుళ బండిని తన చేతుల్లోకి తీసుకుంది.

"కారు అటుపక్కనుంది, పద," అంది.