లోపలి కుట్టు

"లోపల కుట్టు తగలతా ఉండాదంటమ్మా. పాప వద్దంటాంది," అంటూ మునిశేఖర్ కవరును తిరగేసి బల్ల మీద పెట్టాడు.

వకుళ కళ్లు మూసుకుంది. పొద్దుటి నుంచీ పులి మీసాలు గీసి గీసి ఆమె మెడ పట్టేసింది. పులి మొహంలో రౌద్రం చాలలేదని, మళ్లీ గీయమని చెన్నై వ్యాపారి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాడు. అది చాలదన్నట్టు ఈయనొచ్చాడు.

శ్రీకాళహస్తిలో, గుడి వెనక వీధిలో ఒక ఇరుకు గది ఆమెది. అందులో గోల్ఫ్ కర్రలకు కవర్లు తయారు చేస్తుంది. కర్ర చివర ఉండే ఇనప తలకు గీతలు పడకుండా తొడిగే చిన్న టోపీల్లాంటివి అవి. ఆకారం ఆలోచించేదీ, పైన కలంకారీ బొమ్మలు వేసేదీ వకుళ. కుట్టేది కుప్పమ్మ. గుడి సేవలో ఉన్న ఇంట పుట్టి, ఎవరో డబ్బున్నవాళ్ల ఆటకర్రలకు టోపీలు కుట్టడమేమిటని మొదట్లో ఇంట్లోవాళ్లు అడిగేవారు. తర్వాత వాళ్లు అడగడం మానేశారు. ఇప్పుడు వకుళకే ఆ మాట అనిపిస్తోంది. గోల్ఫ్ మైదానం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఎంత కష్టపడి గీసిన నమూనా అయినా ఏదో ఒక వంకతో తిరిగి వచ్చేది. తిరుపతిలో ఒక ట్రస్టు ఆఫీసులో ఖాళీ ఉందని మేనమామ కబురు పెట్టాడు. నెలాఖరుకు గదికి తాళం వేసి వెళ్లిపోదామని ఆమె దాదాపు నిశ్చయించుకుంది.

మునిశేఖర్ తడ దగ్గర ఒక కంపెనీ బస్సు నడుపుతాడు. ఆ మధ్య ఈ వీధిన పోతూ, గుమ్మానికి వేలాడదీసిన చిలక బొమ్మ కవరు చూసి ఆగాడు. ఇవి దేనికని అడిగాడు. వకుళ చెప్పింది. అతను కవరును చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడి, తన కూతురికీ ఇలాంటిది ఒకటి కావాలన్నాడు. ఆ కంపెనీలో పని చేసే విదేశీయులు ఎవరైనా పాత కర్ర ఒకటి ఆ పిల్లకు ఇచ్చి ఉంటారని వకుళ అనుకుంది. అందరూ సెట్టుగా కొంటారు. ఇతనికి మాత్రం ఒక్కటి చాలట.

కర్ర తెమ్మంటే తేలేదు. కొలతకని ముడులు వేసిన దారం ముక్క తెచ్చాడు. ఆ కొలత ఆమెకు కొంచెం వింతగానే తోచింది గాని, పిల్లల కర్రలు ఎలా ఉంటాయో తనకేం తెలుసని ఊరుకుంది.

మొదటిది బిగుతుగా ఉందని తిరిగి వచ్చింది. వదులు చేస్తే జారిపోతోందన్నారు. ఎలాస్టిక్ వేస్తే అదీ వద్దన్నారు. లోపలి దళసరి గుడ్డ తీసేసి, బాగా నలిగిన మెత్తటి నూలుబట్ట వేయమన్నారు. రోజూ ఉతికినా రంగు పోకూడదన్నారు. ఆటకర్ర టోపీని రోజూ ఉతికే మహాతల్లి ఎవరోనని కుప్పమ్మ నవ్వింది. ఇప్పుడేమో లోపలి కుట్టు.

"ఇనుముకు కుట్టు తగిలితే ఏమవతాదన్నా?" అంది వకుళ. గొంతులో విసుగు దాచుకోలేకపోయింది.

మునిశేఖర్ తల దించుకున్నాడు. "మిమ్మల్ని శానా సతాయిస్తాండాను. సోమవారం కాలేజీ తెరుస్తారమ్మా. ఇది లేకుండా పోనంటాంది."

కర్ర పట్టుకుని కాలేజీకి పోయే గారాల పిల్లను తలచుకుంటే వకుళకు ఒళ్లు మండింది. అయినా తమాయించుకుంది. "ఒకసారి సూపించన్నా. సూడకుండా ఎంతకని కుట్టేది?"

"పాప ఎవురికీ సూపించదమ్మా. ఇంట్లో నా ముందర కూడా దాచిపెట్టుకుంటాది."

అతను వెళ్లాక ఆమె ఆ కవరు కుట్లన్నీ విప్పింది. కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయిన గదిలో చెమట తుడుచుకుంటూ చాలాసేపు దానికేసే చూస్తూ కూర్చుంది. కుట్టును బయటికి తిప్పితే లోపల నున్నగా ఉంటుంది. కానీ బయట వికారంగా కనబడుతుంది. చిలక రెక్క అంచును కొంచెం పెద్దది చేసి, దాని కింద కుట్టును దాచవచ్చు. అందుకు బొమ్మ మొత్తం కొత్తగా గీయాలి.

ఎలా వస్తే అలా కుట్టి ఇచ్చి పంపేయరాదా, ఇంత చాకిరీ ఎందుకని కుప్పమ్మ అడిగింది.

"పోయేముందర ఒక్కరైనా బాగుండాదని అనాల కదా కుప్పమ్మా," అంది వకుళ.

మర్నాడంతా దానితోనే సరిపోయింది. పులి పక్కనే పడి ఉంది. కుట్టడం అయ్యాక వకుళ కవరును తిరగేసి లోపలి బట్టను చెంపకు రుద్దుకుని చూసింది. ఎక్కడా గరుకు తగల్లేదు.

ఆదివారం మునిశేఖర్ ఒంటరిగా రాలేదు. వెనకే అతని కూతురు లోహిత వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. అంత ఎండలోనూ ఒంటినిండా చున్నీ కప్పుకుంది. వకుళ రమ్మని పిలిస్తే లోపలికి వచ్చి, బల్ల మీది కవరులోకి వేళ్లు పోనిచ్చి, మెల్లగా అంతా తడిమి చూసింది.

"కుట్టు యాడికి పోయింది?"

"బయట ఉండాది. రెక్క కింద పెట్టినాను. ఎవురికీ కనపడదు."

లోహిత రెక్క అంచు ఎత్తి చూసి, మళ్లీ సర్దింది. "బాగుండాదక్కా," అంది.

ఆ మాట కోసమే ఎదురుచూసిన వకుళకు, అది విన్నాక సంతోషం కన్నా అలసటే ఎక్కువగా తెలిసింది. స్టూలు మీద కూలబడింది. మళ్లీ తిరిగి రాకుండా ఉంటే చాలు.

"సరిపోతాదో లేదో ఈడే తొడిగి సూసుకోమ్మా. కర్ర తెచ్చినావా?"

మునిశేఖర్ ఏదో చెప్పబోయాడు. నువ్వుండు నాయనా, అని లోహిత అతన్ని ఆపింది. కాసేపు వకుళ మొహంలోకి చూసింది.

తర్వాత చున్నీ తీసి, మోచేతి దగ్గరే ఆగిపోయిన ఎడమచెయ్యి ముందుకు చాచింది.