చివరి చెంచాడు

“ఈ గడ్డిని ఎక్కడ పెట్టమంటావు మార్లిస్?” అంది ఆర్విల్లా, మరదలు తెచ్చిన పళ్లెం మీది మూత ఎత్తి చూసి.

“గడ్డి కాదు వదినా, క్రిస్మస్ చెట్టు. బల్ల మధ్యలో పెట్టు.”

చెట్టే మరి. మార్లిస్ తెల్లారకుండా లేచి, నోట్లో పచ్చి మంచినీళ్లు కూడా పోసుకోకుండా కట్టిన చెట్టు. కొమ్మలు బ్రకోలీవి. దీపాలు చెర్రీ టొమాటోలు. కింద కాలీఫ్లవర్ మంచు, కొసన పసుపు క్యాప్సికమ్ కోసి పెట్టిన నక్షత్రం, చుట్టూ క్యారట్ ముక్కల కంచె. నంజుకోవడానికి గిన్నెలో వెన్న తీసిన పెరుగు. భర్త డ్వేన్ గుండెకు స్టెంట్ వేసి ఇంకా రెండు నెలలు కాలేదు. ఏం తినాలో, ఏం తినకూడదో డాక్టరు రాసిచ్చిన కాగితం ఆమెకు కంఠతా వచ్చు.

కానీ బల్ల మధ్యలో చోటేదీ? ముప్ఫై ఏళ్లుగా అక్కడ ఆర్విల్లా వండే హాట్‌డిష్‌దే సింహాసనం. బంగాళాదుంపలు, వాటి మీద చీజు, దాని మీద మీగడ, ఆపైన వెన్నలో దోరగా వేయించిన కార్న్‌ఫ్లేక్స్. పెద్ద గాజు ట్రేలో అది ఇంకా కుతకుతమంటోంది.

“నీ తమ్ముడి గుండె సంగతి తెలిసి కూడా మళ్లీ ఇదే వండావా?” అంది మార్లిస్.

“నలభై మంది వస్తున్నారు. వాడొక్కడి గుండె కోసం అందరి నోళ్లూ కట్టెయ్యమంటావా?”

“కళ్లెదురుగా ఉంటే ఆయన ఆగలేడు. వచ్చే ఏడాది ఇది బల్ల మీద ఉండడానికి వీల్లేదు.”

ఆర్విల్లా నవ్వింది. “సరే, పందెం. సాయంత్రానికి నా ట్రే ఖాళీ కాకపోతే వచ్చే క్రిస్మస్‌కి నీ రాజ్యం. ఊరందరికీ ఆకులే పెట్టు. ఖాళీ అయిందో, ఇంకెప్పుడూ ఈ ఇంట్లో డాక్టరు మాట ఎత్తకూడదు.”

“చెంచాడు మిగిలినా గెలుపు నాదే. నువ్వు తినకూడదు మరి!”

“నాకేం ఖర్మ? ఎగబడతారు చూడు.”

చుట్టాలు బూట్ల మంచు దులుపుకుంటూ ఒక్కొక్కరే వచ్చారు. అందరూ ముందు చెట్టు దగ్గరే ఆగారు.

“అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!” అంది పాస్టరుగారి భార్య. “చెయ్యి వెయ్యబుద్ధి కావడం లేదు సుమా!”

అన్నట్టే వెయ్యలేదు. ఆవిడే కాదు, ఎవరూ వెయ్యలేదు. ఫోటోలు మాత్రం తీసుకున్నారు. ఆరోగ్యం ఎంత ముఖ్యమో ఒకరికొకరు చెప్పుకున్నారు. చెప్పుకుంటూనే పక్కకు జరిగి హాట్‌డిష్ వడ్డించుకున్నారు. డ్వేన్ పెదనాన్న ఒకాయన మొహమాటానికి ఒక టొమాటో తీశాడు గానీ, చెట్టుకు కన్నం పడిందని కంగారుపడి మళ్లీ అక్కడే దూర్చేశాడు.

మార్లిస్ తొంగి చూసింది. గాజు ట్రేకి అడుగు కనబడుతోంది. డ్వేన్ మాత్రం బుద్ధిమంతుడిలా ఒక మూల కూర్చుని, ఆమె విడిగా పెట్టిచ్చిన క్యారట్లు నములుతున్నాడు. పాపం, చూపు మాత్రం బంగాళాదుంపల మీదే ఉంది.

చివరికి ట్రేలో ఒక్క గరిటెడు మిగిలింది. అక్కడ ఆగింది.

ఆగక ఏం చేస్తుంది? ఈ మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టినవాడెవడూ వంటకంలో చివరి ముద్ద ముట్టుకోడు. ప్రాణం పోతున్నా సరే, సగం కోసుకుని మిగతా సగం తర్వాతివాడికి వదులుతాడు. పాస్టరుగారు సగం తీసుకున్నారు. ఆయన భార్య అందులో సగం తీసుకుంది. పెదనాన్న దానిలోనూ సగం చేశాడు. చెంచాడు ముద్ద, దాని మీద ఒకే ఒక్క కార్న్‌ఫ్లేక్ మిగిలాయి. ఇక అందరూ దాన్ని చూసీ చూడనట్టు కోట్లు తొడుక్కున్నారు.

మార్లిస్ ట్రే పక్కనే కాపలా నిలబడింది. కిటికీ దగ్గర అక్కా తమ్ముళ్లు ఏదో గుసగుసలాడుకుంటున్నారు. ఓడిపోయిన అక్కని ఓదారుస్తున్నాడు కాబోలు, జాలిగుండె మనిషి అనుకుంది.

ఆఖరి కారు కూడా వెళ్లిపోయింది.

“చూశావా వదినా, మిగిలింది!”

డ్వేన్ మెల్లగా బల్ల దగ్గరకొచ్చి, ఫోర్కు తీసి, ఆ ముద్దలో గుచ్చాడు.

“డ్వేన్! కింద పెట్టు!”

“ఒక్క ముద్దేగా మార్లిస్. ఇలాంటిది తిని రెండు నెలలు కావస్తోంది.”

“వద్దన్నానా!”

ఫోర్కు పైకి లేచింది. అతని నోరు తెరుచుకుంది. మార్లిస్‌కి కళ్ల ముందు ఆస్పత్రి వరండా, ఆ రాత్రంతా కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ మెదిలాయి. భయంతో ఒళ్లు తెలియలేదు. ఒక్క అంగలో వెళ్లి అతని మణికట్టు పట్టుకుని, ఫోర్కు తన వైపు తిప్పి, ముద్ద మొత్తం తన నోట్లో పెట్టేసుకుంది.

చీజు, వెన్న, ఉప్పు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదేమో, కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. తెరిచేసరికి గాజు ట్రే ఖాళీగా మెరుస్తోంది.

డ్వేన్ తాపీగా ఫోర్కు కింద పెట్టి, చెట్టు కంచెలోంచి ఒక క్యారట్ ముక్క పీకి కసుక్కున కొరికాడు.

“చెప్పానా అక్కా, నేను నోరు తెరిస్తే చాలు, తనే మింగేస్తుందని?”