పాదం కొలత

"ఇంక తొమ్మిదే!" అని అరిచింది గడియారం, మంచునీళ్ళ తొట్టిలో చేతులు ముంచుతూ.

ఆమె అసలు పేరు షెడ్డులో ఎవరికీ తెలియదు. ఇంటికి వెళ్ళడానికి ఎన్ని రోజులుందో పొద్దున్నే లెక్క చెబుతుంది కాబట్టి గడియారం. ఆ దీవిలో నలభైమంది ఆడవాళ్ళు ఎనిమిది నెలలుగా నిలబడి రొయ్యలు ఒలుస్తున్నారు. ఆమె పక్కన నిలబడేది బుజ్జి వాళ్ళమ్మ. ఈమెకూ వేరే పేరుంది గాని, నోరు తెరిస్తే బుజ్జి కబుర్లే కనుక అందరికీ బుజ్జి వాళ్ళమ్మే.

"తొమ్మిదైతేనేం, తొంభై అయితేనేం పిన్నీ. అది నన్ను గుర్తుపడుతుందా?"

"కన్నతల్లిని గుర్తుపట్టదా? నోర్ముయ్."

"రెండు నెలలైంది దాని గొంతు విని. ఫోన్ చేస్తే నిద్రపోతోందంటుంది మా అక్క. లేదంటే ఆడుకోవడానికి వెళ్ళిందంటుంది. అలిగింది పిన్నీ. అయిదేళ్ళ పిల్లకి ఎంత పంతమో చూడు!"

"ఎవరి పోలికో మరి!"

బుజ్జి వాళ్ళమ్మ నవ్వలేకపోయింది. వచ్చిన కొత్తలో, ఒళ్ళు పచ్చిపుండై మంచం మీద వాలినప్పుడు, ఎవరూ కొంగు పట్టి లాగని ఆ నిద్ర ఆమెకు హాయిగా ఉండేది. ఎవరికీ తల్లి కాకుండా తెల్లవారేదాకా పడుకునేది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. బుజ్జికి మాత్రం ఎలాగో తెలిసిపోయిందనీ, అందుకే ఫోన్ దగ్గరికి రావడం లేదనీ లోపల ఎక్కడో ఒక నమ్మకం.

సూపర్‌వైజర్ బల్లల మధ్యగా వచ్చాడు. "ఇది ఒలవడమా, పీకడమా?" అని ఒకామెను కసిరాడు. గడియారం తొట్టి చూసి, "నోటికున్న చురుకు చేతికుంటేనా!" అన్నాడు. బుజ్జి వాళ్ళమ్మ తొట్టిలో సగం రొయ్యలకు పొట్టు అలాగే ఉంది. చూశాడు.

"చేతులు కాసేపు వేణ్ణీళ్ళలో పెట్టుకోమ్మా," అని తల దించుకుని వెళ్ళిపోయాడు.

"మాకు చీవాట్లు, నీకు వేణ్ణీళ్ళు. ఆయన మనసు నీ మీద పడిందే పిల్లా!"

"ఛీ, ఊరుకో పిన్నీ. ఆయన వయసేమిటి, నా వయసేమిటి?"

"నిప్పు లేందే పొగ రాదు."

ఆ పొగ రెండు నెలల కిందట పుట్టింది. సముద్రం పోటెక్కి మూడు వారాలు పడవలు ఆగిపోయిన రోజులవి. ఇళ్ళతో ఫోన్లో మాట్లాడేది ఆదివారాలే. ఆ రోజు ఆదివారం కాకపోయినా ఆఫీసులో ఫోన్ మోగింది. సూపర్‌వైజర్ బయటికొచ్చి బుజ్జి వాళ్ళమ్మ వెనకాల చాలాసేపు నిలబడ్డాడు. "మీ అక్క. ఊరికే చేసిందట. ఆదివారం మాట్లాడుతుందట," అన్నాడు. ఆ పూట పని మాన్పించి పడుకోమన్నాడు. అప్పట్నుంచి ఆమెను ఒక్క మాటా అనలేదు. ఆయన దగ్గరికొస్తే చాలు, ఆమె పైట బిగించుకుంటుంది.

పోయిన ఆదివారం అక్కతో చిన్న గొడవే అయింది.

"పడవ దిగే రేవులో చెప్పుల షాపుందక్కా. దానికి ఎర్ర బూట్లు కొనుక్కొస్తా. పాదం కొలిచి దారం పంపు."



"ముందు నువ్వు రావే. వచ్చాక కొందువుగాని."

"ఉత్త చేతులతో ఏ మొహం పెట్టుకుని రాను? ఉన్న చెప్పులు వేసుకుంటోందా?"

"లేదు. గుమ్మం దగ్గరే ఉన్నాయి."

"బిగుతైపోయుంటాయి. చూశావా, ఎదిగిపోయింది!"

అక్క గొంతు బొంగురుపోయింది. జలుబంది.

"దారం పంపకపోతే నీతో మాట్లాడను. ఒట్టు!"

మధ్యాహ్నం సరుకుల పడవ వచ్చింది. ఉత్తరాలొస్తే గుమ్మం పక్క బల్ల మీద పడేసి కేకేసే సూపర్‌వైజర్, ఆ రోజు ఒక కవరు తనే తెచ్చి బుజ్జి వాళ్ళమ్మ చేతికిచ్చాడు. గడియారం దగ్గింది. ఆమె ఆ దగ్గు పట్టించుకోలేదు. కవరు చింపింది. మడత పెట్టిన తెల్లదారం, ఒక్క ముక్క ఉత్తరం: "అడిగావని పంపుతున్నాను. తొందరగా వచ్చెయ్."

"పంపింది పిన్నీ! పాదం కొలవనిచ్చిందంటే అలక తీరినట్టే!"

పరుగున వెళ్ళి తన సబ్బుపెట్టె తెచ్చింది. అందులో ఎర్రదారం ఉంది. బయల్దేరే ముందురోజు తెల్లారి, నిద్రపోతున్న బుజ్జి మడమ నుంచి బొటనవేలి దాకా తను కొలిచిన దారం. దాన్ని పట్టుకెళ్ళి సరిగ్గా ఆ కొలతకు చెప్పులు కొని, మర్నాడు గుమ్మం దగ్గర పెట్టి, పిల్ల లేవకముందే వచ్చేసింది.

"ఎనిమిది నెలలంటే గోరంతైనా ఎదిగుంటుంది," అంది గడియారం.

"గోరంతా? వేలెడు! పందెమా?"

రెండు నెలల తరవాత ఆమె నవ్వడం అదే మొదలు. మంచుకు మొద్దుబారిన వేళ్ళకు దారం ఆనడం లేదు. గడియారమే రెండిటి కొసలూ కలిపి బల్ల మీద అదిమి పట్టింది. తడికి దారాలు బల్లకు అతుక్కుని తిన్నగా నిలిచాయి.

తల ఎత్తితే సూపర్‌వైజర్ ఇంకా అక్కడే ఉన్నాడు. ఎవరినీ కసరడం లేదు. ఇన్నాళ్ళకు మొదటిసారి ఆమె ఆయనతో తనంతట తను మాట్లాడింది.

"మా బుజ్జి ఎంత ఎదిగిందో చూడండి సార్!"

ఆయన చూడలేదు. ఆమె వంగి చూసింది.

రెండు దారాలూ ఒకే పొడవున్నాయి.