ముడతల మేస్త్రి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి, తివాచీ వేయించి చూడు అనడం మరిచిపోయాడు.

కొత్త ఇంట్లో దిగిన కొద్దిరోజులకే కోడలికి ఆ సంగతి తెలిసివచ్చింది.

అద్దంలా మెరిసే కొత్త గచ్చు మీద అత్తగారు ఒకసారి జారబోయింది. గోడ దొరికింది కాబట్టి సరిపోయింది గానీ, కోడలి గుండె చాలాసేపటికి గానీ కుదుటపడలేదు. ఆ ఆదివారమే అత్తగారి గది నిండా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మెత్తటి తివాచీ వేయించింది.

వేసిన మేస్త్రి నలభై దాటిన మనిషి. మోకాళ్ళ మీద పాకుతూ, అంచులు లాగి, గోడ వెంట కొట్టిన మేకుల పట్టీకి తగిలించాడు. తివాచీకి రాసుకుంటున్న తలుపుని ఊడదీసి, చిత్రిక పట్టి మళ్ళీ బిగించాడు. పని చేసినంతసేపూ అత్తగారితో కబుర్లే.

వారం తిరక్కుండా మూల దగ్గర తివాచీ లేచి, ముడత పడింది.

“అత్తయ్యా, అటు నడవకండి! కాలు తగిలితే ఇంకేమైనా ఉందా?”

“నేను చూసుకుంటాలే అమ్మాయ్. ముందా మేస్త్రికి కబురు పెట్టు.”

మేస్త్రి వచ్చాడు. గదిలోకి వెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చాడు.

“నాదే పొరపాటమ్మా. సరిగ్గా లాగలేదు.”

తరవాతి వారం కిటికీ కింద ముడత. ఆ పై వారం మంచం పక్కన.

పిలిచినప్పుడల్లా వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నాదే పొరపాటనేవాడు. కోడలి భర్త ఆయనకు ముడతల మేస్త్రి అని పేరు పెట్టేశాడు.

“ఆడలేక మద్దెల ఓడని కూడా అనడు పాపం. అదొక్కటే నయం.”

“నయమేంటండీ! మీ అమ్మ కింద పడితే మద్దెల వాయిస్తూ కూర్చుంటారా?”

ఒక మధ్యాహ్నం కోడలు ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసింది. మళ్ళీ ముడత పడిందని పిలిపించిన మేస్త్రి గదిలో ఉన్నాడు. పనిముట్ల సంచి మూతి కూడా విప్పలేదు. గోడకి చేరగిలబడి టీ తాగుతున్నాడు. అత్తగారు మంచం మీద కూర్చుని, ఒకప్పుడు పక్కింటావిడ పిల్లి కోసం వీధి వీధంతా తగువులాడుకున్న వైనం చెబుతోంది.

“తరవాతేమైంది పెద్దమ్మా?” అంటున్నాడాయన.

కోడలికి ఒళ్ళు మండింది.

“ఇదా మీరు చేసే పని? నోరు మంచిదే, చెయ్యే మంచిది కాదు. ఇక మా గడప తొక్కకండి!”

అత్తగారు ఏదో అనబోయింది. మేస్త్రి ఆవిడ వంక చూసి, వద్దన్నట్టు తల ఊపాడు.

“మీ మాట నిజమేనమ్మా” అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

కోడలు అక్కడితో ఊరుకున్నా బాగుండేది. చుట్టుపక్కల ఇంకా కడుతున్న ఇళ్ళవాళ్ళందరికీ చెప్పింది.

“ఆయన్ని మాత్రం పిలవకండి. మీ ఇళ్ళలోనూ పెద్దవాళ్ళున్నారు.”

అప్పటికే ఆయనతో మాట్లాడుకున్నవాళ్ళు ఒక్కొక్కరే మానుకున్నారు. అత్తగారంటే ఆమెకు ప్రాణం. తను చేస్తున్నది తప్పని ఆమెకు ఎలా తోస్తుంది?

కొత్త మేస్త్రి వచ్చాడు. చెవుల్లో పాటలు పెట్టుకుని చకచకా ముడత తీసేశాడు. టీ కూడా వద్దన్నాడు.

“ఇంత గట్టిగా వేసింది ఎలా లేచిందబ్బా!” అనుకుంటూ వెళ్ళిపోయాడు.

మళ్ళీ ముడత పడలేదు. కోడలు సంబరపడింది. అత్తగారు మాత్రం అన్నం కెలికి వదిలేస్తోంది. నాలుగు మాటలు అడిగితే ఒక మాట చెబుతోంది.

“ఒంట్లో బాగాలేదా అత్తయ్యా?”

“నాకేం, దుక్కలా ఉన్నాను. ఆ అబ్బాయి ఎలా ఉన్నాడో.”

“ఎవరు, ఆ మేస్త్రా? ఈ పక్కన పనులన్నీ పోయి, ఇంకో ఊరు వెళ్ళిపోయాడట. తివాచీల కొట్టాయన చెప్పాడు.”

అత్తగారి మొహం పాలిపోయింది. కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“తివాచీ దానంతటది లేవలేదే తల్లీ. గరిటె కాడ పెట్టి నేనే లేపాను.”

“మీరా! ఎందుకత్తయ్యా?”

“మన పాత వీధిలో ఇటు దగ్గితే అటు నుంచి మంచినీళ్ళు వచ్చేవి. ఇక్కడ మీరిద్దరూ వెళ్ళాక పలకరించే దిక్కు లేదు. ముడత పడితే ఆ అబ్బాయి మళ్ళీ వస్తాడు కదా అని...”

“ఒక్క మాట నాతో అనకూడదూ?”

“ఇంత ప్రేమగా చూసుకునే పిల్లతో, నాకిక్కడ తోచడం లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ్ని దగ్గరికి తీసుకుంది. తీసుకున్నాక గుండె కలుక్కుమంది. ఆ మనిషి నోటి దగ్గర కూడు తన చేత్తోనే లాగేసింది.

“పాపం, ఆయనకి ఈ సంగతి తెలియదు కదా అత్తయ్యా?”

“తెలియకేం, మొదటిసారే పట్టేశాడు. సిగ్గుతో చచ్చిపోయి, ఇంకెప్పుడూ పిలవనులే నాయనా అన్నాను.”

“దానికేమన్నాడు?”

“‘పిలవండి పెద్దమ్మా! నా పనే బాగాలేదని చెబుదాం, అలాగైతేనే కదా, వేసినవాడే సరిచెయ్యాలని మీ కోడలు మళ్ళీ నన్నే రమ్మంటుంది’ అన్నాడు.”