ఏది కొత్తదైతే అది

పొద్దున్న పదింటికి గోడమీది తెర అంతా ఎర్రబడేసరికి చిటపట సారుకి ఒళ్ళు మండిపోయింది.

ఆ పేరు ఆఫీసువాళ్ళు పెట్టిందే. కాగిన నూనెలో ఆవగింజలా ఎప్పుడూ ఎగురుతూనే ఉంటారని.

ఆసుపత్రివాళ్ళ కోసం జావాలో రాస్తున్న ప్రోగ్రాం అది. సాయంత్రం నాలుగింటికల్లా పంపాలి. ఇప్పటికే రెండుసార్లు మాట తప్పారు. మూడోసారీ తప్పితే సారు కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని పైవాళ్ళు మొహమ్మీదే చెప్పేశారు.

కోడు ముక్కలన్నీ కలిపి ప్రోగ్రాం కట్టే బిల్డు నిన్న సాయంత్రం పచ్చగా ఉండి తెల్లారేసరికి ఎర్రగా ఎలా అయిందని అందరినీ వరుసగా నిలబెట్టి అడిగారు. ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదని అందరూ ఒకే మాట చెప్పారు. నిజమే, ముట్టుకోలేదు.

టెస్టింగ్ చేసే ఆవిడ తెర దగ్గరికి వెళ్ళి చూసింది. "మన కోడు కాదు సార్. తారీఖుల లైబ్రరీ మారింది."

ఎవరు ఏ తీరున రాసిన తారీఖునైనా చదివి సరిచేసి పెట్టే చిన్న లైబ్రరీ, అంటే బయటినుంచి తెచ్చుకుని వాడుకునే కోడు ముక్క అది. ఎవరో పుణ్యానికి రాసి, కావలసినవాళ్ళు వాడుకోండని నలుగురిలో పెట్టారు. అసలు పేరు లేదు. 'చీమ' అని సంతకం, అంతే.

వంటకి సరుకుల చీటీ ఉన్నట్టే బిల్డుకీ ఒక చీటీ ఉంటుంది. ఏ లైబ్రరీ కావాలి, ఎన్నో నంబరుది కావాలి, అన్నీ అందులో రాయాలి. మూడేళ్ళ కిందట ఆ నంబరు రాయాల్సిన చోట చిటపట సారు స్వయంగా ఒక ప్లస్ గుర్తు గీకి చేతులు దులుపుకున్నారు. ఏది కొత్తదైతే అది తెచ్చుకో, అని దానర్థం. నిన్న చీమ కొత్తది పెట్టింది. బిల్డు చెప్పినమాట విని దాన్నే తెచ్చుకుంది.

ఆడలేనమ్మ మద్దెల ఓడందట.

సారు ఆ లైబ్రరీ ఫిర్యాదుల పేజీ తెరిచి టకటకా కొట్టేశారు. పనీపాటా లేనివాళ్ళు కోడు రాస్తే ఇలాగే ఏడుస్తుందన్నారు. మీ మూలంగా ఒక ఆసుపత్రి ఆగిపోయింది, సిగ్గుందా అన్నారు.

ఆసుపత్రి ఎక్కడా ఆగలేదు. ఆగింది ఈయన ఒక్కరే.

"ఊరికే వచ్చిన ఆవుకి పళ్ళెంచడం కూడానా," అని గొణిగి టెస్టింగ్ ఆవిడ తన సీటుకి పోయింది.

ఇంటర్వ్యూకి రమ్మన్న మనిషి తొమ్మిదిన్నర నుంచీ బయట కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, చేతిలో రెండు కాగితాలు. పదకొండున్నరకి లోపలికి పిలిచారు. ఎక్కడి కోపమో ఎక్కడో తీరాలి కదా.

ఆవిడ కాగితాలు బల్లమీద పెట్టింది. సారు పై కాగితం ఓసారి పైపైన చూసి వాటిమీద కాఫీ కప్పు పెట్టారు.

"ఆరేళ్ళు ఉద్యోగం లేదేంటమ్మా?"

"మా మామగారు మంచాన పడ్డారండీ. ఆయన పక్కనే కూర్చుని..."

"ఖాళీగా కూర్చున్నారన్నమాట."

"ఖాళీగా ఏం లేనండీ. రెండో కాగితంలో రాశాను."

ఆయన కాగితం తియ్యలేదు. కప్పూ తియ్యలేదు.

అద్దాల అవతల ఎర్రటి తెర కనబడుతోంది. ఆవిడ దాన్ని పైనుంచి కిందిదాకా నింపాదిగా చదివింది. "ఆ ప్లస్ తీసేసి పాత నంబరు వేసుకుంటే..."

"ఇరవై ఏళ్ళ సర్వీసమ్మా నాది. ఇంట్లో కూర్చున్నవాళ్ళ దగ్గర నేర్చుకునే గతి ఇంకా పట్టలేదు. వెళ్ళిరండి."

ఆవిడకీ కోపం వచ్చింది. ముక్కు ఎర్రబడింది గానీ నోరు జారలేదు. కాగితాలు తిరిగి అడగకుండానే వెళ్ళిపోయింది.

పంతం అనేది ఒకటుంది చూశారూ, దానికి మందు లేదు. నంబరు వెయ్యడానికి మనసొప్పక సారు ఉన్న కోడంతా తిరగరాయించారు. ఎవరికీ మధ్యాహ్నం తిండి లేదు. ఎరుపు మాత్రం పోలేదు.

మూడుంబావుకి ఫిర్యాదుల పేజీలో చీమ జవాబు పెట్టింది. ప్లస్ తీసి 1.9 అని వెయ్యండి. పాత పద్ధతి ఎత్తేస్తున్నానని ఏడాదిగా ఇదే పేజీలో మొత్తుకుంటున్నాను. మీ ఆసుపత్రి చల్లగా ఉండాలి.

ఎక్కడో విన్న మాటలానే ఉంది. ఎక్కడా అని ఆలోచించే తీరిక సారుకి లేదు. నంబరు వేశారు. తెర పచ్చబడింది. నాలుగుకి పది నిమిషాల ముందు ప్రోగ్రాం వెళ్ళిపోయింది.

చీమ జవాబు సంగతి తెలిసి పైనుంచి ఫోనొచ్చింది. ఆ చీమ ఎవరో పట్టుకోండి, ఎంతడిగితే అంతిచ్చి తీసుకోండి అన్నారు.

పొద్దున్న నిప్పులు కక్కిన వేళ్ళే ఇప్పుడు తేనె పూసుకున్నాయి. సారు రాశారు: "అన్నగారూ, తొందరలో ఏదో అనేశాను, మనసులో పెట్టుకోకండి. మా దగ్గరికి వచ్చెయ్యండి. జీతం మీరే చెప్పండి. ఇంతటివారు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ?"

అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది.

"ఉద్యోగం మధ్యాహ్నమే ఇంకోచోట దొరికింది. ఇన్నాళ్ళూ అంటే, మా మామగారి మంచం పక్కన ఉన్నాను. ఇవాళ పొద్దుటి నుంచి మాత్రం మీ కాఫీ కప్పు కిందే ఉన్నానండీ."